రెండో సూది

కాజాలత్త దారం కొసను నాలుకతో తడిపి, సూదిని కిటికీ వెలుగుకు ఎత్తింది. రెండు సూదులు కనిపించాయి. నిజమైనది ఒకటి. దానికి కాస్త పైన, కుడి పక్కగా, పలచబడిపోయిన రెండోది. ఆమె గడ్డం ఎత్తి, ముఖం మెల్లగా కుడికి తిప్పింది. రెండో సూది జారుకుంటూ వచ్చి మొదటిదానిలో కలిసిపోయింది. దారం ఎక్కింది.

ఆమె కుడి కంట్లో కాన్సర్ గడ్డ పుట్టింది. డాక్టర్లు గుండీ అంత రేకును కంటిగుడ్డుకే కుట్టి, దాని రేడియేషన్‌తో గడ్డను చంపి, రేకును తీసేశారు. కన్ను దక్కింది గానీ, దాన్ని తిప్పే కండరం దెబ్బతిని గుడ్డు ముక్కు వైపు తిరిగిపోయింది. అప్పటినుంచీ అన్నీ రెండే. "ఏ దారంతో కుట్టారు బాబూ?" అని ఆమె అడిగితే డాక్టరు తెల్లమొహం వేశాడు.

రెండు కనబడకుండా ఆ కన్ను కప్పుకోమని ఆసుపత్రివాళ్లు ఇచ్చిన నల్లగుడ్డ ముసుగు కిటికీ పక్క మేకుకు వేలాడుతోంది. ఆమె దాన్ని కట్టుకోదు. "పాపం, ఆ కన్నును చీకట్లో కూర్చోబెడితే ఏం తోస్తుంది?" అంటుంది.

కుట్టుషాపు ఆమె మేనల్లుడిది. గుండీలు పట్టే కాజాలన్నీ చేత్తో కుట్టేది ఆమే. కాజాలకు మెషిన్ తెద్దామని అతను కొంతకాలంగా అనుకుంటున్నాడు, ఆమెతో చెప్పడానికి నోరు రావడం లేదు. ఆమెకు తెలుసు. మెషిన్ పెట్టాలంటే కిటికీ పక్క చోటే కావాలి. అక్కడున్న తన స్టూలంటే ఆమెకు ప్రాణం. మేనల్లుడికి సూది పట్టడం నేర్పింది కూడా దానిమీద కూర్చునే.

ఆమె ఒళ్లో ఉన్న కోటు కుట్టించుకుంటున్న మనిషి కొలత చూసుకోవడానికి వచ్చాడు. గడ్డం ఎత్తి పక్కకు చూస్తున్న ఆమెను చూసి, "నా మీద కోపమా అమ్మా?" అన్నాడు.

ఆమె ముఖం తిన్నగా తిప్పింది. "లేదు బాబూ. ఇద్దరొచ్చారు, ఎవరితో మాట్లాడాలా అని."

అతను వెనక్కి తిరిగి చూసుకున్నాడు. ఆమె పకపకా నవ్వి, ఆ నవ్వులోనే, ముఖం మళ్లీ కుడికి తిప్పడం మరిచి, కోటు ముందు భాగాన కాజా కోసం గీసిన సుద్ద గీత మీద కత్తెర వేసింది. తెగింది రెండో గీత దగ్గర. అసలు గీత వేలెడు కింద, చెక్కుచెదరకుండా ఉంది.

ఆ మనిషి వెళ్లాక మేనల్లుడిని పిలిచింది. "ఒరే, ఇలా రా. తప్పు కోశాను."

అతను చిరుగును వేలితో తడిమాడు. "ఏ కన్ను మోసం చేసిందత్తా?"

"ఏదీ చెయ్యలేదురా. రెండూ చూసిందే చెప్పాయి. ఎవరి మాట వినాలో చేతికి తెలియలేదు."

అతనికి నవ్వొచ్చి, మధ్యలోనే ఆగిపోయింది. "గుడ్డ ఇంకా ఉందిలే. ముందు భాగం మళ్లీ కత్తిరిస్తా."

"మెషిన్ ఎప్పుడొస్తుంది?"

అతను తల దించుకున్నాడు. "సోమవారం. నువ్వు మాత్రం ఇక్కడే ఉండు. లోపలి గదిలో గుండీలు కుట్టుకో."

"వెలుగు లేకుండానా?" అంది, అంతే.

మధ్యాహ్నమంతా ఆమె కళ్లు రెండూ మూసుకుని, ఒళ్లో ఏదో నల్లటిది పెట్టుకుని వేళ్లతో తడుముతూ కుట్టింది. కునికిపాట్లు పడుతోందేమోనని అతను పలకరించలేదు.

సాయంత్రం సంచీ సర్దుకుంది. "చెల్లి దగ్గరికి పోతున్నా. ఎప్పట్నుంచో రమ్మంటోంది."

"ఎన్నాళ్లత్తా?"

"చూద్దాం. అది ఒక్కతే ఉండి విసుక్కుంటోంది. ఇప్పుడు నాకు ఇద్దరు చెల్లెళ్లు." గుమ్మం దగ్గర ఆగి, ముఖం కుడికి తిప్పి, నిజమైన మెట్టు చూసుకుని దిగింది.

అతను కిటికీ మూయబోయి మేకు వైపు చూశాడు. ముసుగుకు సరిగ్గా నడిమధ్యన కాజా కుట్టి ఉంది. వెంట్రుకవాసి కూడా పక్కకు పోలేదు. దాన్ని కంటికి అడ్డంగా పెట్టుకుని చూశాడు. కాజాలోంచి ఖాళీ స్టూలు కనిపించింది. ఉండమని ఇంకోసారి అనాల్సింది అనిపించింది.

వీధిలోకి పరుగెత్తాడు. ఆమె మలుపు తిరిగిపోయింది. తిరిగొచ్చి ముసుగును మేకుకే తగిలించాడు గానీ, కిటికీ మూయలేదు. ఆ కాజా, తనకు గుండీ లేకపోయినా, వెలుగుకు తెరుచుకునే ఉంది.