కడగని మణికట్టు

ఆ ఇంట్లో తెల్లారిందనడానికి గుర్తు కోడికూత కాదు, గాజుపుల్ల చప్పుడు. అత్తగారు ఆ పుల్లను వేణ్ణీళ్ళలో కడిగి, మెత్తటి గుడ్డతో తుడిచి, వెలుతురుకి ఎత్తి చూసి, ఇత్తడి పళ్ళెంలో టింగుమని పెట్టేది. అది వినగానే కోడళ్ళిద్దరూ ఎక్కడి పని అక్కడ వదిలేసి, ముంజేతులు మంచినీళ్ళతో కడుక్కుని, తుడుచుకోకుండా ఆరబెట్టుకుంటూ వచ్చి ఆవిడ ముందు కూర్చునేవారు. కూర్చుని చేతులు చాచేవారు, బళ్ళో పంతులుగారి బెత్తానికి పిల్లలు చాచినట్టు.

అత్తరు నూనెలు చేసే ఇల్లు అది. వీధివైపు కొట్టు, పెరట్లో రాగి కాగులు, మధ్యలో కిటికీ లేని నూనెగది. ఏ నూనె తయారైనా ముందు ఆ ఇంటి కోడళ్ళ మణికట్టు మీద ఒక పగలు బతకాలి. ఆ తర్వాతే అమ్మకానికి. సీసాలో నూనె నిద్రపోయే మనిషి లాంటిదనీ, ఒంటి వెచ్చదనం తగిలితేగాని లేచి తన గుణం చూపించదనీ అత్తగారు చెప్పేది. ఒక్క చుక్క పెద్దకోడలి మణికట్టు మీద, అదే నూనె ఇంకో చుక్క చిన్నకోడలి మణికట్టు మీద. రుద్దకూడదు. రుద్దితే పైపైన ఉండే సన్నటి వాసన చితికిపోతుంది. దీపాలు పెట్టేవేళ దాకా ఆ చెయ్యి తడపకూడదు. దీపాలు పెట్టగానే తవుడూ వేణ్ణీళ్ళూ పెట్టి తోమి కడిగేసుకోవాలి. రేపటి నూనెకి చెయ్యి ఖాళీగా ఉండాలి కదా మరి.

పెద్దకోడలికి ఈ పనంటే ప్రాణం. చుక్క పడగానే కళ్ళు మూసుకునేది. మొదట నారింజతొక్క విరిచినట్టు చురుక్కుమనేది. ఎవరినైనా పలకరించి ఇటు తిరిగేలోపు అది వెళ్ళిపోయేది. అప్పుడు పువ్వు వచ్చేది. గులాబీ అయితే ముందు ఆకు నలిపినంత పచ్చిగా, కాసేపటికి తేనె పూసినట్టుగా. ఎండ ఎక్కేకొద్దీ పువ్వు కిందనుంచి చందనమో వట్టివేరో, అరుగు మీద కూర్చున్న పెద్దమనిషిలా, నెమ్మదిగా గొంతు సవరించుకునేది. ఇదంతా ఎవరి చేతి మీదైనా ఆవిడ పసిగట్టగలదు. వీధిలో అందరూ ఆవిణ్ణి ముక్కావిడ అనేవారు. పొరుగింట్లో పాలు అడుగంటితే ఆ ఇంటివాళ్ళ కంటే ముందు ఈవిడ ఇక్కణ్ణుంచి కేక వేసేది.

కానీ సొంత చర్మం మాత్రం ఆవిడ మాట వినేది కాదు. ఎంత మంచి నూనె పెట్టినా మధ్యాహ్నానికల్లా తడి ఇనుము వాసనో, చాన్నాళ్ళు మూసి ఉంచిన బీరువా వాసనో అయి కూర్చునేది.

చిన్నకోడలి చెయ్యి అలా కాదు. చిన్నకోడలి చెయ్యి పూసేది.

మల్లెనూనె పెడితే భోజనాలవేళకి ఆ ముంజేతి మీద తెల్లటి మొనలు లేచి, మొగ్గలై, విచ్చుకునేవి. గులాబీనూనెకి రేకలు వచ్చేవి. చందనానికి వడ్రంగి చిత్రిక పట్టినట్టు లేత చెక్క పొరలు చుట్టలు తిరిగి లేచేవి. సాయంత్రానికి అన్నీ రాలిపోయేవి. "గుమ్మంలో రాల్చకే, ఎవరన్నా జారిపడతారు" అనేది అత్తగారు. అంతకుమించి ఆ సంగతి ఎవరూ ఎత్తేవారు కాదు. రాలినవి ఊడ్చి మళ్ళీ కాగులో వెయ్యడం ఆ ఇంటి పొదుపు. ఊడ్చే పని పెద్దకోడలిది.

ఆ చీపురు పట్టుకున్నప్పుడల్లా ఆవిడకి కడుపులో నిప్పులు పోసినట్టుండేది. చిన్నది కాపురానికి వచ్చిన కొత్తలో మొదటిసారి చెయ్యి పూసినప్పుడు, "పువ్వు పుట్టగానే పరిమళిస్తుందని ఊరికే అన్నారా" అని అత్తగారు మురిసిపోయింది. ఆ మాట పెద్దకోడలి చెవిలో చీమలా దూరింది. ఏళ్ళు గడిచినా బయటికి రాలేదు. కొట్టుకి వచ్చినవాళ్ళు సీసా మూత తియ్యకుండానే చిన్నకోడలు ఏదీ అని అడిగేవారు. నూనె కలిపింది ఎవరు, కాగుల దగ్గర పొగకి కళ్ళు ఎర్రజేసుకుంది ఎవరు అని అడిగినవాడు లేడు. వండేది ఒకరూ, వడ్డించి పేరు కొట్టేసేది ఇంకొకరూనా అని ఒకసారి మొగుడి దగ్గర వాపోయింది. ఆయన సీసాలకి బిరడాలు బిగిస్తూ, "పోనీ, నీ చేతి మీదా నాలుగు మెంతులు చల్లి నీళ్ళు పొయ్యనా?" అన్నాడు. రెండ్రోజుల పాటు ఆయనకి అన్నమే గాని మాట వడ్డించలేదావిడ.

వీటన్నిటికీ మించి, సాయంత్రం చెయ్యి కడుక్కోబోయే ముందు చిన్నది రోజూ ఆవిడ దగ్గరికి వచ్చేది. ముంజెయ్యి తెచ్చి ముక్కు కింద పెట్టి, "ఎలా వచ్చింది అక్కా?" అని అడిగేది.

ముంజేతి కంకణానికి అద్దమా? చెయ్యంతా పువ్వులు పెట్టుకుని ఎలా వచ్చిందని అడగడం పొగిడించుకోవడానికి కాకపోతే ఇంకెందుకు? పెద్దకోడలు వాసన చూసేది. బాగుండేది. దిక్కుమాలినది, ఎంతో బాగుండేది. మొహం ముడుచుకుని "ఏదోలే" అని చీపురు అందుకునేది. చిన్నది నవ్వుకుంటూ వెళ్ళిపోయేది. ఆ నవ్వు చూస్తే మరీ ఒళ్ళు మండేది.

ఆ ఏడు చలికాలంలో పట్టిన జలుబు తగ్గినా, అత్తగారి ముక్కు మాత్రం మొద్దుబారిపోయింది. నూనెగది తాళంచెవి ఆవిడ బొడ్లో ఉండేది. అది ఎవరి నడుముకి ఉంటే, దేనిలో ఏది ఎంత కలపాలో చెప్పే మాట వాళ్ళది. పెద్దకోడలు ఆ ఇంట్లో అడుగుపెట్టిన నాటినుంచీ కోరుకున్నది అదొక్కటే. నగలు అడగలేదు, చీరలు అడగలేదు. ఆ ఇనప తాళంచెవి నడుముకి కొట్టుకుంటూ నడిస్తే ఎలా ఉంటుందోనని మాత్రం ఒకటి రెండుసార్లు చెంచా దోపుకుని నడిచి చూసుకుంది.

ఒకరోజు పుల్ల తుడుస్తూ అత్తగారు తేల్చేసింది. ఏటేటా వచ్చి ఆ ఇంటి నూనెంతా కొనుక్కుపోయే ముసలి షావుకారు ఈసారి ఎవరి మణికట్టు దగ్గర ఎక్కువసేపు ఆగితే, తాళం వాళ్ళకే అంది.

"ఆ మాత్రందానికి ఆయన రావడం దేనికి అత్తయ్యా, ఇప్పుడే చిన్నదానికి ఇచ్చెయ్యండి" అంది పెద్దకోడలు.

"ముక్కావిడవి కదా, కోపం ముక్కు మీదే పెట్టుకుంటావు" అందావిడ, అంతే.

ఆ ఏడు షావుకారుకి చూపించబోయే నూనె పెద్దకోడలు కలిపిందే. పైన నారింజ, నడుమ గులాబీ, అడుగున వట్టివేరు. ఎన్నోసార్లు కలిపి, పారబోసి, మళ్ళీ కలిపి ఒక దారికి తెచ్చింది. అది చిన్నదాని చేతి మీద పూస్తుంది, షావుకారు అక్కడే నిలబడిపోతాడు. తను కన్న బిడ్డని ఇంకొకరు చంకనేసుకుని ఊరేగుతున్నట్టు అనిపించి ఆవిడకి ముద్ద దిగలేదు.

నూనెగది మూలన ఒక జాడీ ఉండేది. ఏడాది పొడుగునా ప్రతి పాత్ర అడుగునా మిగిలిన మడ్డిని అందులో గీకి వేసేవారు. మాడిందీ, మురిగిందీ, అన్ని పూల అడుగూ అందులోనే. చివరికి ధూపాలు చేసేవాళ్ళు పట్టుకుపోయేవారు. షావుకారు వచ్చే రోజు పొద్దున, రోజూలాగే అత్తగారు తాళం ఇచ్చి సీసా తెమ్మంది. పెద్దకోడలు తన నూనె సీసాని బొడ్లో దోపుకుంది. జాడీలో మడ్డిని గుడ్డలో వడకట్టి, అలాంటిదే ఇంకో సీసాలో పోసి, తెచ్చి పళ్ళెంలో పెట్టింది. మడ్డి మీద పువ్వు పూయదు. చిన్నదాని చెయ్యి బోడిగా ఉండిపోతుంది. అప్పుడు బొడ్లో సీసా తీసి, ఇదీ నేను కలిపింది అని షావుకారుకి పుల్ల మీదే చూపించాలని ఆవిడ ఎత్తు. తన చెయ్యి ఎలాగూ ఇనుము కంపే, కొత్తగా పోయేదేముంది.

అత్తగారు పుల్ల ముంచి ముక్కు దగ్గర పెట్టుకుంది. ఏమీ తెలియలేదు.

"బాగుందంటావా?"

"బాగుందత్తయ్యా."

గొంతు వణకలేదు. వణకనందుకు ఆవిడకే వింతగా అనిపించింది. అత్తగారు ఇద్దరి మణికట్ల మీదా చెరో చుక్క పెట్టింది.

షావుకారు పొద్దెక్కాక వచ్చాడు. చేతులు వెనక్కి కట్టుకుని, వంగి, కళ్ళు మూసుకుని వాసన చూడడం ఆయన పద్ధతి. భోజనాలయ్యాక దగ్గరికి వచ్చి చూస్తే చిన్నదాని చేతి మీద ఒక్క మొగ్గ లేదు. చర్మం దద్దురెక్కి ఎర్రబడింది. దాని నడుమనుంచి ఒకే ఒక్క ముల్లు మొలిచింది. అది చూడగానే పెద్దకోడలి పెదవి చివరికి నవ్వు దానంతటది వచ్చేసింది. షావుకారు వంగాడు, వంగినంత వేగంగా లేచాడు. పెద్దకోడలి చేతి దగ్గర కూడా మర్యాదకి ఒకసారి వంగి, రేపు పొద్దున ఊరికి పోయేముందు మళ్ళీ వస్తానని అత్తగారితో చెప్పి బసకి వెళ్ళిపోయాడు. ఆయన ఉన్నంతసేపూ బొడ్లో సీసా ఉంది. పెద్దకోడలి చెయ్యి దాని మీదే ఉంది. చిన్నది ఆ ముల్లు వంక అలా చూస్తూ కూర్చుంటే, ఎందుకో తియ్యడానికి చెయ్యి రాలేదు.

దీపాలవేళ చిన్నది మామూలుగానే వచ్చి ముంజెయ్యి చాచింది. "ఎలా వచ్చింది అక్కా?"

ఇవాళ కూడానా అని పెద్దకోడలికి చిర్రెత్తింది. "నీకు మాత్రం ముక్కు లేదూ? చూసుకో."

"లేదక్కా" అంది చిన్నది.

"ఏం లేదు?"

"నాకు వాసన తెలియదు. పుట్టినప్పట్నుంచీ అంతే. మల్లెకీ మసిగుడ్డకీ తేడా తెలియదు. అత్తరింటి కోడలికి ముక్కు పనిచెయ్యదంటే నవ్విపోరూ? అందుకే ఎవరికీ చెప్పలేదు."

పెద్దకోడలు తలెత్తి దాని మొహంలోకి చూసింది. "మరి రోజూ వచ్చి అడుగుతావెందుకే? నేనేమన్నా చెప్పి చచ్చానా?"

"నువ్వు చెప్పవు. నీ మొహం చెబుతుంది. నీ మొహం ముడుచుకుంటే నూనె కుదిరిందని లెక్క. ఎంత ముడుచుకుంటే అంత బాగా కుదిరిందని." చిన్నది ముల్లు చుట్టూ మెల్లిగా తడుముకుంది. "ఇవాళ షావుకారు వంగినప్పుడు నువ్వు నవ్వావక్కా. అప్పుడే నాకు భయమేసింది."

ఇంకో మాట కూడా అంది, కిందకి చూస్తూ. పువ్వులు నా మీద పూస్తే ఏం లాభం, వాటి వాసన నీది, నీ ముక్కు చూస్తే నాకు కన్ను కుడుతుంది అంది.

అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు. అడుసు తొక్కింది పెద్దకోడలు, కడిగింది మాత్రం ఇంకొకరి చెయ్యి. తవుడు తడిపి, నొప్పి పుట్టకుండా రాసి, వేణ్ణీళ్ళు పోసి, ముల్లు ఊడిన చోట నెత్తురు కనిపిస్తే తన కొంగు చింపి కట్టింది. ఆ హడావిడిలో, ఆ సిగ్గులో, తన చెయ్యి కడుక్కోవడం మర్చిపోయింది.

తెల్లవారుతుండగా ఆవిడ కంటే ముందు ఆవిడ ముక్కు మేలుకుంది. ఎవరో గదిలోకి తోటంతా మోసుకొచ్చినట్టుంది. కళ్ళు తెరిచి చూసుకుంటే ముంజేతి నిండా పువ్వులు. గులాబీ పక్కన మల్లె, మల్లె పక్కన నారింజపువ్వు, వేళ్ళ వైపు వట్టివేరు నారలు, మోచేతి వైపు చందనం పొర. ఏడాదిలో ఏ నెలలో ఏది కాగులోకి వెళ్ళిందో ఆ వరసలోనే. మాడువాసన లేదు, మురుగు లేదు. చిన్నదాని చేతి మీద ఎన్నడూ చూడనంత నెమ్మదైన వాసన, ఎవర్నీ పిలవనిది, వచ్చినవాళ్ళని మాత్రం కూర్చోబెట్టేది.

ఆవిడ చర్మం చెడ్డది కాదు. నిదానం, అంతే. ఇనుము వాసన దాని దారిలో ఒక మజిలీ. ఇన్నేళ్ళూ పువ్వు గుమ్మం దాకా వచ్చేసరికి తనే తవుడు పెట్టి తోమి పంపించేసింది.

నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది. ఆ వెంటనే అసలు సంగతి తట్టింది. ఇన్ని రకాలూ ఒక్క చేతి మీద పూయించే నూనె ఆ ఇంట్లో ఒక్కటే ఉంది, మూల జాడీలో. అత్తగారికి పోయింది ముక్కే గాని కళ్ళు కాదు. ఒక్క చూపుకి పట్టేస్తుంది. పెద్దకోడలు దొడ్లోకి నడిచి, నీళ్ళు తోడుకుని, తవుడు చేతిలోకి తీసుకుంది. కడిగేస్తే నిన్నటి సంగతి నీళ్ళలో పోతుంది. కానీ ఈ పువ్వులని ఇంకోసారి తోమెయ్యడానికి ఆవిడకి మనసొప్పలేదు. లోపల గాజుపుల్ల టింగుమంది. తవుడు డబ్బాలో పడేసి, అలాగే వెళ్ళి అత్తగారి ముందు కూర్చుని చెయ్యి చాచింది.

అత్తగారు పువ్వులవైపు చూసింది, చిన్నదాని చేతికట్టు వైపు చూసింది. "మడ్డి" అంది.

"మడ్డేనత్తయ్యా. చిన్నదాని చేతికి పెట్టించింది నేనే." బొడ్లో సీసా తీసి పళ్ళెంలో పెట్టింది. "అసలు నూనె ఇది."

చిన్నది ఆ చేతినే రెప్ప వెయ్యకుండా చూస్తోంది.

షావుకారు వచ్చాడు. వంగాడు. వంగినవాడు లేవలేదు. కాసేపటికి నడుం నొప్పెట్టి నేలమీదే చతికిలబడి మళ్ళీ చూశాడు. ఎండ గడప దాటి లోపలికి వచ్చినా ఆయన కదలలేదు. చివరికి అత్తగారు పళ్ళెంలో సీసా చూపించి, ఇది పెద్దకోడలు కలిపింది, ఏం కావాలని అడిగితే, ఈ చెయ్యి కలిపింది ఏదైనా సరే అన్నాడు.

ఆయన వెళ్ళాక అత్తగారు తాళంచెవి బొడ్లోంచి తీసింది. "ఆయన ఆగింది నీ దగ్గరే. మాట ప్రకారం ఇది నీది" అంది పెద్దకోడలితో. ఆవిడ చెయ్యి చాచబోయింది. "కానీ చెల్లెలి చేతికి మడ్డి పెట్టినదాని చేతికి గది ఎలా ఇవ్వను?" అని తాళంచెవి చిన్నదాని ఒళ్ళో పడేసింది.

పూలమ్మిన చోట కట్టెలమ్మినట్టు పెద్దకోడలు అలాగే కూర్చుండిపోయింది. చిన్నది తాళంచెవి పట్టుకుని లేచి వెళ్ళింది. తలుపు తీసిన చప్పుడు వినిపించింది. ఆ తర్వాత చాలాసేపు ఏ చప్పుడూ లేదు. తర్వాత లోపల్నుంచి పిలుపు వచ్చింది.

"అక్కా, తలుపైతే తీశాను. అన్నీ ఒకేలా ఉన్నాయి. నువ్వు రాకపోతే ఇందులో ఏది ఏదో నాకెవరు చెబుతారు?"

పెద్దకోడలు వెంటనే లేవలేదు. కాస్త బెట్టు చేసి, అప్పుడు లేచింది.

అప్పట్నుంచీ ఆ ఇంట్లో దీపాలవేళ చిన్నదాని ఒక్క చెయ్యే కడుగుతారు. పెద్దకోడలి చెయ్యి తెల్లారేదాకా అలాగే ఉంటుంది. గాజుపుల్ల మోగకముందే చిన్నది నడుముకి తాళంచెవి కొట్టుకుంటూ వస్తుంది, ఏం పూసిందో చూడడానికి. నారింజ, గులాబీ, వట్టివేరు కలిపిన ఆ నూనె మొదటిసారి పెట్టిన మర్నాడు కూడా అలాగే వచ్చింది. పెద్దకోడలు ముంజెయ్యి చాచి అడిగింది.

"ఎలా వచ్చిందే?"

చిన్నది చూసింది. పక్కకి వంగి చూసింది, వెలుతురుకి తిప్పి చూసింది. మొహమంతా ముడుచుకుపోయింది.

"ఏదోలే" అని చీపురు అందుకుంది.

పెద్దకోడలు నవ్వుకుంటూ కాగుల దగ్గరికి వెళ్ళిపోయింది.