డబ్బా లోపలి పెన్సిలు రాత

ఊరివాళ్లు లింగప్పను పాలకేంద్రం గదిలో వేసి బయట గడియ పెట్టారు. ఆయన పదకొండు మిషన్లనూ ఆ గదిలోనే పడేశారు. ఉరవకొండ నుంచి పోలీసులు వచ్చేదాకా కదిలే దారి లేదు.

మూడు రోజుల కిందట గుట్ట మీది నంది విగ్రహాన్ని ఎవరో పెకలించి, నిధి కోసం కింద తవ్విపోయారు. భూమిలోని లోహాన్ని కనిపెట్టే మిషన్లు ఎవరింట్లో ఉన్నాయంటే ఊళ్లో పసిపిల్ల కూడా చెబుతుంది. నలభై ఏళ్లు రేడియోలు బాగుచేసిన లింగప్పకు అవి పోగెయ్యడం ఒక పిచ్చి. వాటికి ఈ సీమలో కొదవ కూడా లేదు. వజ్రం లోహం కాదని చెప్పే పుణ్యాత్ముడు లేక, తొలకరికి వజ్రకరూరు చేలల్లో వజ్రాలు వెతకడానికి ఎంతమంది కొన్నారో! మేకులేరి విసిగి అటకెక్కించారు. లింగప్ప వెళ్లి దించుకున్నాడు. మరలు చూసి, రంగు గీకి చూసి, ఏ మిషను ఏ కాలానిదో చెప్పగలడు.

కిటికీలోంచి పాలకేంద్రం పెద్ద హనుమంతప్ప తొంగి చూశాడు.

"ఏమప్పా లింగప్పా, ఇవి మోగుతాయా?"

"యాడ మోగుతాయన్నా! అన్నీ సచ్చినవే. చూసుకునేకి పెట్టుకున్నా."

"ఓబిలేష్‌ని పిల్చకొచ్చి పరీక్ష చేపిస్తా. ఒగటి మోగినా నువ్వే దొంగవి. ఒగటీ మోగకుంటే ఇంటికి పో."

పది నిజంగానే చచ్చినవి. పదకొండోది మాత్రం యుద్ధకాలపు మిషను. మట్టిలో మందుపాతరలు వెతకడానికి సిపాయిలు వాడినది. బళ్లారి పాతసామాన్ల గుజిరీలో దొరికింది. ఏడు నెలలు దాని ముందు కూర్చుని, రేడియో స్పీకరొకటి తగిలించి, పోయిన నెలలోనే మోగించాడు.

తూకపు రాయి తీసుకుని దాని కింది తీగచుట్ట మీద ఒక్కటేస్తే పీడ విరగడైపోతుంది. రాయి ఎత్తాడు. చెయ్యి రాలేదు. భయంతో చొక్కా తడిసిపోతున్నా, బ్యాటరీ తీగ ఒక్కటి ఊడదీసి చాటుకు మడిచిపెట్టాడు, అంతే.

గడియ తీసి హనుమంతప్ప, నలుగురు ఊరివాళ్లు లోపలికొచ్చారు. వెంట ఓబిలేష్ వచ్చాడు. ఇప్పుడు సొంత టీవీ రిపేరు అంగడి ఉన్నా, పని నేర్చుకుంది లింగప్ప దగ్గరే. పదకొండింటినీ పాల క్యాన్ల మీద తిప్పి చూపించాడు. ఒక్కటీ మోగలేదు. లింగప్పకు ఊపిరాడింది.

"లోపల కూడా చూపియ్యి," అన్నాడు హనుమంతప్ప.

"చూడన్నా, తుప్పు తప్ప ఏముంటాది," అంటూ ఓబిలేష్ గురువును కాపాడే ఉత్సాహంతో యుద్ధపు మిషను డబ్బా మూత విప్పాడు.

అప్పుడు గుర్తొచ్చింది లింగప్పకు. బాగుచేసినవాడు మూత లోపల పెన్సిలుతో పేరు, తేదీ రాయడం మెకానిక్కుల ఆనవాయితీ. అలవాటుపడ్డ చెయ్యి ఆయన్ని అడక్కుండానే రాసేసింది. 'లింగప్ప. 12-6. మోగుతుంది.'

ఓబిలేష్ చూపు దాని మీద ఆగింది.

"ఏం రాసి ఉండాదప్పా?" అన్నాడు హనుమంతప్ప.

ఓబిలేష్ గురువు వంక చూశాడు. "పాతకాలపోడు ఎవురో రాసినాడన్నా. బాగు కాదు, పారెయ్యండి అని."

హనుమంతప్ప నవ్వాడు. "లింగప్ప చేతిలో కూడా బాగు కాలేదా? సరే, ఇంటికి పో. ఓబిలేషూ, ఇదంతా పాత ఇనుము బండికెయ్యి. రేపు మళ్లా అనుమానాలొద్దు."

తలుపు బార్లా తెరిచే ఉంది. నడిచిపోతే చాలు. లింగప్ప గడప దాకా వెళ్లాడు. వెనక ఎవడో యుద్ధపు మిషనును చుట్ట పట్టుకుని తలకిందులుగా ఎత్తాడు.

"దించు! అట్ల పట్టుకుంటే తెగిపోతాది!"

వెనక్కి వచ్చి మిషను లాక్కున్నాడు. మడిచిన తీగ బయటికి తీశాడు.

"అన్నా, వద్దన్నా," అన్నాడు ఓబిలేష్ మెల్లగా.

లింగప్ప తీగ తగిలించాడు. లోపలి గాజు వాల్వులు వేడెక్కేదాకా ఏ శబ్దమూ లేదు. ఆ తర్వాత పాల క్యాను మీద అది కుయ్‌మని మోగింది.

"నంది జోలికి నేను పోలేదు," అన్నాడు లింగప్ప. "దీన్ని మాత్రం నేనే బాగుచేసినా."

ఒక్కొక్కరే బయటికి నడిచారు. చివరగా ఓబిలేష్. తలుపు మూసుకుంది, గడియ పడింది.

లింగప్ప మిషను పట్టుకుని తలుపు దగ్గరికి వెళ్లాడు. అది ఇంకా గట్టిగా మోగింది. గడియా ఇనుమే కదా.