అన్నమ్మగారి ఎర్ర సిరా

పొద్దున్న ఆరింటికి మోషే తల్లి అన్నమ్మగారిని లేవదీసి, మొహం తుడిచి, వరండాలో కుర్చీలో కూర్చోబెట్టేవాడు. ఆ తర్వాతే డ్యూటీకి బయల్దేరేవాడు. అతని భార్య విజయకుమారి ఆవిడకి జావ తాగించి, చీర మార్చి, తన అన్నం డబ్బా కట్టుకుని టాటీబంధ్ వైపు వెళ్ళే ఆటో ఎక్కేది. అక్కడ ఓ ప్రైవేటు ఆసుపత్రిలో ఆమె సీనియర్ నర్సు. సర్వీసు ఇరవై రెండేళ్ళు.

అన్నమ్మగారిది తుని దగ్గర పల్లెటూరు. పెళ్ళయి రాయపూర్ వచ్చి, హిందీ నేర్చుకుని, ముప్ఫై ఏళ్ళు రైల్వే కాలనీ పిల్లలకి ఆ హిందీయే నేర్పింది. పక్షవాతం వచ్చి ఆరేళ్ళయింది. మాట పోయింది, కుడిచెయ్యి పోయింది. ఎర్ర సిరా మాత్రం పోలేదు. ఆ ఇంట్లో ఎవరు ఏం రాసినా, కాసేపటికి దాని మీద ఆవిడ గుండ్రటి దస్తూరీలో ఎర్రటి దిద్దుబాట్లు తేలేవి. ఆవిడ చెయ్యి ఒళ్ళోనే ఉండేది. సామాన్ల చీటీలో 'చెక్కెర' అని రాస్తే 'చక్కెర' అయ్యేది. ఒకసారి మోషే తల్లికి జబ్బుగా ఉందని సెలవు చీటీ రాసుకుంటే, 'అమ్మ బాగానే ఉంది' అని కింద ఎర్రగా వచ్చింది. అతను నవ్వుకుని డ్యూటీకి పోయాడు. పాస్టర్ పున్నయ్యగారు శనివారం సాయంత్రాలు వచ్చి, ప్రసంగం కాగితాలు ఆవిడ ముందు బల్ల మీద పెట్టి, టీ తాగి, దిద్దినవి పట్టుకెళ్ళేవారు.

విజయకుమారికి మాత్రం అది గిట్టేది కాదు. రోజంతా వార్డులో తన మాటకి ఎదురు లేదు. ఇంటికొస్తే చీటీముక్క కూడా తనని తప్పు పట్టేది. ఎర్ర గీత కనపడగానే కాగితం చింపి పారేసేది.

ఆ ఏడు వానలు పడి, వరినాట్లు జోరుగా సాగుతున్నప్పుడు, మందిర్ హసౌద్ అవతల పల్లె నుంచి బిసాహూ అనే రైతు వాంతులతో వచ్చి చేరాడు. రెండు రోజుల్లో కోలుకున్నాడు. మర్నాడు ఇంటికి పంపుతామన్నారు. ఆ మధ్యాహ్నం విజయకుమారి వాంతుల సూది వెయ్యడానికి ట్రేలోంచి ఒక మందు తీసి సిరంజిలోకి లాగింది. పక్కనే ఏంజెల్ ఉంది. తమ చర్చికొచ్చే పిల్లే, నర్సుగా చేరి ఏడాది కాలేదు.

"సిస్టర్, ఆ సీసా మీద పేరు ఒకసారి చూస్తారా?" అంది ఏంజెల్ మెల్లగా.

"నువ్వు పలక పట్టకముందు నుంచీ సూదులు వేస్తున్నాను. నువ్వు చెప్తే నేను చూడాలా?"

చూడలేదు. చూసుంటే అది వాంతుల మందు కాదనీ, సెలైన్‌లో కలిపి చుక్కచుక్కగా ఎక్కించాల్సిన పొటాషియం అనీ తెలిసేది. బిసాహూ రెండు నిమిషాల్లో పోయాడు.

డాక్టరు పరుగెత్తుకొచ్చి "ఎవరు వేశారు?" అని అడిగితే, విజయకుమారి నోట్లోంచి "ఏంజెల్" అని వచ్చింది. అంతకుముందు ఆలోచించిన మాట కాదు. కానీ వచ్చాక వెనక్కి తీసుకోలేదు. ఏంజెల్ ఆమె మొహంలోకి చూస్తూ నిలబడిపోయింది. ఇద్దరూ జరిగినదాని మీద బయాన్, అంటే వాంగ్మూలం, రాసి సోమవారం విచారణ జరిపే జాంచ్ కమిటీకి ఇవ్వాలని పైనుంచి చెప్పారు.

శనివారం విజయకుమారి వరండాలో కూర్చుని హిందీలో బయాన్ రాసింది. సంతకం పెట్టేలోపే 'ఏంజెల్' అన్నచోట ఎర్రగీత పడి, పైన 'నేను' అని వచ్చింది. చింపేసి మళ్ళీ రాసింది. మళ్ళీ అదే. మూడోసారీ అదే అయ్యాక కలం కిందపెట్టి అత్తగారి వైపు తిరిగింది.

"అత్తయ్యగారూ, నా ఉద్యోగం పోతే మీ అబ్బాయి జీతం ఒక్కదానితో మనం ఎలా బతుకుతామో తెలుసా మీకు? మీ మందులకీ పడకకీ ఎవరున్నారు? నా బతుకు కూడా మీకు అచ్చుతప్పేనా?"

అన్నమ్మగారు కళ్ళు మూసుకునే ఉంది. మూసిన రెప్పల కింది నుంచి నీళ్ళు జారాయి. విజయకుమారి కొంగుతో అవి తుడిచింది, అలవాటు కొద్దీ. తర్వాత కాగితాలు తీసుకుని చర్చికి వెళ్ళి, ఖాళీ బెంచీ మీద కూర్చుని, నాలుగోది రాసుకుంది. అక్కడ ఏ గీతా పడలేదు.

ఆదివారం ఆ కాగితం సంచిలో ఇంట్లోనే ఉంది. గంటకోసారి తీసి చూసుకుంది. తెల్లగానే ఉంది. మొదట ఊపిరి పీల్చుకుంది. తర్వాత సామాన్ల చీటీ చూసింది. మోషే 'ఉల్లిపాలు' అని రాశాడు, అది అలాగే ఉంది. ముందురోజు సాయంత్రం పాస్టర్‌గారు పెట్టిన ప్రసంగం మీద కూడా ఒక్క చుక్క పడలేదు. ఆయన కాగితాలు అటూ ఇటూ తిప్పి, టీ సగంలో వదిలేసి వెళ్ళిపోయారు.

"అమ్మ మనల్ని వదిలేసిందేమో విజయా," అన్నాడు మోషే.

ఆమె కంచం ముందు నుంచి లేచిపోయింది. ఇన్నేళ్ళూ ఆ గీతల్ని తిట్టుకుంది. ఇప్పుడు ఇల్లంతా తప్పులు తప్పులుగానే పడివున్నాయి. దిద్దేవాళ్ళు లేరు. జావ తాగిస్తుంటే అత్తగారు చెంచాకేసి కూడా చూడలేదు.

సోమవారం ఆఫీసు గది బయట బల్ల మీద ఏంజెల్ కూర్చుని ఉంది. ముఖం పీక్కుపోయింది. విజయకుమారిని చూసి లేచి నిలబడింది.

"వందనాలు ఆంటీ," అంది.

ఆదివారం చర్చి గుమ్మంలో చెప్పినట్టే చెప్పింది. అందులో వెటకారం లేదు, ఆశా లేదు. విజయకుమారి గోడకి ఆనుకుంది. సంచిలోంచి బయాన్ తీసింది. నీలం పెన్నుతో 'ఏంజెల్' అన్న మాట కొట్టేసి, పైన 'నేను' అని రాసింది. ఆపి, ఇంకొక వాక్యం చేర్చింది: 'ఆమె నాకు చెప్పింది. నేను వినలేదు.' రాసిందంతా ఎర్రగా పడింది. దస్తూరీ మాత్రం విజయకుమారిదే.

లోపల గుమాస్తా కాగితం చూసి, "రికార్డులో ఎర్ర సిరా చెల్లదు సిస్టర్, నీలంతో మళ్ళీ రాయండి," అని తన పెన్ను ఇచ్చాడు. రాసింది. మళ్ళీ ఎర్రగానే వచ్చింది. అతను ముద్ర వేసి ఫైల్లో పెట్టుకున్నాడు.

ఏంజెల్ మీద మచ్చ పోయింది. అయినా ఆ పిల్ల అక్కడ ఉండలేదు. వేరే ఊళ్ళో ఉద్యోగం చూసుకుని తల్లితో సహా వెళ్ళిపోయింది. వెళ్ళేముందు విజయకుమారిని కలవలేదు. విజయకుమారి ఉద్యోగం పోయింది, పోలీసు కేసు పడింది. ఏ కలంతో రాసినా ఎర్రగానే పడే నర్సుని చార్టులు రాయడానికి ఏ ఆసుపత్రీ తీసుకోలేదు. ఆగస్టు ఆఖరున అన్నమ్మగారు జావ గుటక నోట్లో ఉండగానే కన్నుమూసింది. చివరి దాకా కోడలి వైపు చూసిందో లేదో ఎవరూ చెప్పలేరు.

సెప్టెంబరులో విజయకుమారి ఇంట్లో కృతజ్ఞత కూటం పెట్టించింది. మోషే వద్దన్నాడు. నలభై మందిని పిలిస్తే ఏడుగురు వచ్చారు.

"దేని నిమిత్తం కృతజ్ఞత చెల్లిస్తున్నారో చెప్పండమ్మా," అన్నారు పున్నయ్యగారు.

"నన్ను గద్దించినందుకు," అంది ఆమె.

ఏ పాట ఎత్తుకోవాలో ఎవరికీ తోచలేదు. పాస్టర్‌గారే ప్రార్థన చేసి ముగించారు. టిఫిను చాలావరకు మిగిలిపోయింది.

మర్నాడు ఆమె ఒక్కతే బస్సెక్కి మందిర్ హసౌద్‌లో దిగి, బిసాహూ ఊరికి నడిచి వెళ్ళింది. అతని భార్య పొలంలో కలుపు తీస్తోంది. గట్టు మీద నిలబడి విజయకుమారి జరిగినదంతా హిందీలో చెప్పింది. సీసా మీద పేరు చూడకపోవడం, ఆ పిల్ల చెప్పడం, తను అబద్ధమాడటం. ఆమె వంగినచోటు నుంచే వింది. తిట్టలేదు.

"చివర్లో ఏమన్నా అన్నాడా?" అని అడిగింది ఛత్తీస్‌గఢీలో.

"చెయ్యి మండుతోంది బాయీ అన్నాడు."

"నువ్వేమన్నావు?"

"ఊరుకో, ఏం కాదు అన్నాను."

ఆమె చేతిలో కలుపుగుత్తి గట్టు మీద పెట్టింది. "గుండె ఆగిందని రాసిచ్చారు, తర్వాత పోలీసులొచ్చి వేలిముద్ర వేయించుకుపోయారు అంతే. ఈ మాట నాకెవరూ చెప్పలేదు," అంది. నీళ్ళలో మళ్ళీ వంగి, విడిచిన సాలులోనే కలుపు తీసుకుంటూ పోయింది.

విజయకుమారి గట్టు దిగలేదు. వెళ్ళమని ఆమె అనలేదు, ఉండమనీ అనలేదు. ఎండ ముదురుతోంది. "స్తోత్రం ప్రభువా," అంది విజయకుమారి పైకే. ఆ మాట తన లోపల ఎక్కడా తగల్లేదు. ఇంకోసారి అంది.