శాంతి గుమ్మంలోకి నడిచొచ్చినవి

పొద్దున్నే గేటు తాళం తీసేటప్పుడు శాంతి ముందుగా చూసేది పాలప్యాకెట్టు వచ్చిందా అని కాదు, ఎవరి సామాను వచ్చిందా అని. చిలకలపూడిలో ఆ వీధి వీధంతటికీ తెలిసిన సంగతే అది. శాంతి దేన్ని చూసి కుళ్ళుకుంటే అది తెల్లారేసరికి ఆమె గుమ్మంలో ఉంటుంది. పక్కింటి వెంకటరత్నమ్మ గారి గులాబీ కుండీ, పాస్టరమ్మ గారి కొత్త మిక్సీ, ఎదురింటి వాళ్ళ ఇత్తడి గంగాళం, అన్నీ ఏదో ఒకనాడు వాటంతటవే నడిచొచ్చి గేటు పక్కన బుద్ధిగా నిలబడ్డవే. సొంతదారు పళ్ళు తోముకుంటూ వచ్చి, "శాంతీ, మా మిక్సీ ఇటేమైనా వచ్చిందామ్మా?" అంటే, శాంతి తల దించుకుని "తీసుకెళ్ళండి" అనేది. ఉత్త చేతులతో పంపడం ఇష్టం లేక రెండు బందరు లడ్డూలు కూడా చేతిలో పెట్టేది.

దీనికో పద్ధతుంది. పోయిన వస్తువు ఏదో పేరు పెట్టి అడగాలి. ఆదివారం చర్చి గంట కొట్టేలోపు అడగాలి. గంట దాటిందా, వచ్చింది ఆ ఇంటికే అలవాటు పడిపోతుంది. వెంకటరత్నమ్మ గారి పిల్లి సంగతి అలాగే అయింది. ఆవిడ అవనిగడ్డలో కూతురింటికి వెళ్ళొచ్చేసరికి ఆదివారం దాటిపోయింది. ఇప్పుడు ఆవిడ ఎంత పిలిచినా అది తల తిప్పి చూడదు.

అలాగని శాంతిని చెడ్డదని ఎవరూ అనరు. పొరుగింటి పుల్లకూర ఎవరికైనా రుచే. ఈమె విషయంలో ఆ కూర గిన్నెతో సహా వచ్చేస్తుంది, అంతే తేడా.

ఆమె భర్త సాల్మన్ రాజు రోల్డ్‌గోల్డ్ గాజులకి పూత వేసే పని చేస్తాడు. మంచివాడు. పెట్టింది తింటాడు, ఉతికింది తొడుక్కుంటాడు, ఫలానా పెళ్ళికి వెళ్ళాలని ముందురోజు చెప్తాడు. కూతురు నర్సింగ్ చదువుకని గుంటూరు హాస్టల్లో చేరాక ఇంట్లో ఫ్యాను చప్పుడే ఎక్కువగా వినిపిస్తోంది.

సాల్మన్ రాజు తమ్ముడు జేమ్స్ రెండు వీధుల అవతల ఉంటాడు. గుడివాడ కాలేజీలో లెక్చరర్. అతని భార్య రెబెకా. తోడికోడళ్ళిద్దరూ కలిసి మాగాయ పెడతారు, కలిసి పాటలు పాడతారు. అయినా శాంతి కడుపుమంటకి ఎక్కువ నూనె పోసేది రెబెకానే. పోయినేడు రెబెకా కొన్న రెండు తలుపుల ఫ్రిజ్జు మెట్లు దిగి, సందులు తిరిగి, శాంతి గేటు దగ్గరకొచ్చి నిలబడింది. దాన్ని వెనక్కి తీసుకెళ్ళడానికి ట్రాలీ ఆటో కావాల్సొచ్చింది, దోవలో ఒక తలుపు సొట్టపడింది.

అందుకే ఈసారి రెబెకా, జేమ్స్ జాగ్రత్తపడ్డారు. పెళ్ళిరోజుకి ఇద్దరూ విమానం ఎక్కాలనుకున్నారు. పిల్లల్ని పామిడిముక్కలలో అమ్మమ్మ దగ్గర దింపి కౌలాలంపూర్, గెంటింగ్ కొండ, సింగపూర్ చుట్టి రావాలి. రోజూ సాయంత్రం కిటికీలు మూసి ప్లాను వేసుకునేవాళ్ళు. జేమ్స్ ఫోన్లో ఒక్కో చోటు చూపించి, అలవాటుగా ఎడమ చెవి గోక్కుంటూ, "నీకెలా ఉంటే బాగుంటుంది, చెప్పు" అనేవాడు. రెబెకా పక్షుల పార్కంటే పక్షుల పార్కు. రోలర్ కోస్టర్ వద్దంటే వద్దు, మళ్ళీ కావాలంటే కావాలి. ఊళ్ళో వాళ్ళకి మాత్రం విజయవాడలో దంపతుల ప్రార్థన కూటాలని చెప్పారు.

అంతా బాగానే దాచారు గానీ ప్రార్థన లేకుండా విమానం ఎక్కడానికి రెబెకాకి ధైర్యం చాలలేదు. పాస్టరు యేసుదాసు గారికి ఫోన్ చేసి, "అయ్యగారూ, ఒక్కో చోటూ పేరు పెట్టి ప్రార్థన చెయ్యండి. మొత్తంగా చేస్తే ఏదో ఒకటి తప్పిపోద్ది" అంది. గుట్టుగా ఇంట్లో చేసుకుంటారనే ఆమె నమ్మకం. ప్రార్థన మనవి అంటే సంఘమంతా కలిసి చేయాల్సిందని ఆయన నమ్మకం.

ఆదివారం ఆరాధనలో ఆయన చేతులెత్తారు. "ప్రభువా! నీ దాసుడైన జేమ్సు, నీ దాసురాలైన రెబెకా కౌలాలంపూరు జంట టవర్లు ఎక్కునప్పుడు వారి పాదములు తొట్రిల్లనీయకుము. గెంటింగు కొండమీద రోలరు కోస్టరు తలకిందులగు సమయమున వారిని గట్టిగా పట్టుకొనుము. సింగపూరు పక్షుల పార్కులోను, నీటి జారుడుబండల మీదను తోడైయుండుము." ప్రార్థన సగంలో ఉండగానే చర్చిలో సగంమంది ఒక కన్ను తెరిచి శాంతి వైపు చూశారు. రెబెకా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పాస్టరు గారు ఆపలేదు. "భార్యను అడిగి, ఆమె ఇష్టము తెలిసికొని, ప్రతి దినము ఆమె కోరినట్టే ఏర్పాటు చేసిన ఇటువంటి భర్తలను మా సంఘములో విస్తరింపజేయుము."

అందరికంటే గట్టిగా ఆమేన్ అన్నది శాంతి. అంటూనే లోపల కుళ్ళుకుంది. నాకు చెప్పకుండా దాచారు. సింగపూరంట. పక్షుల పార్కంట. ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుంటే ముద్ద దిగలేదు.

సోమవారం ఇంకా వెలుగు రాకముందే వీధిలో అందరూ లేచారు. వెంకటరత్నమ్మ గారు డాబా మీద నిలబడి ఆకాశం చూస్తున్నారు. "విమానం దిగుద్దేమోనమ్మా, కరెంటు తీగలున్నాయి" అని ఆవిడ బెంగ. శాంతి గేటు తీసింది. పాలప్యాకెట్టు తప్ప ఏమీ లేదు. రెబెకా బియ్యం డ్రమ్ములో చెయ్యి పెట్టి చూసుకుంది, పాస్‌పోర్టులు అక్కడే ఉన్నాయి. శాంతికి బుద్ధొచ్చిందని వీధి వీధంతా సంతోషించింది.

ఆ సాయంత్రం సాల్మన్ రాజు పని నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కుని, వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు. "శాంతీ, రాత్రికి ఏం చేద్దాం? నీకెలా ఉంటే బాగుంటుంది, చెప్పు" అన్నాడు.

శాంతి గరిటె కింద పెట్టి అతని నుదురు పట్టుకుని చూసింది. జ్వరం లేదు. అతని చెయ్యి మాత్రం ఎడమ చెవి గోక్కుంటోంది.

అప్పుడే అర్థమైంది ఆమెకి, ఏం వచ్చిందో. అర్థమయ్యాక తలుపు దగ్గరగా వేసింది.

ఆ వారమంతా అతను అడుగుతూనే ఉన్నాడు. కూర వంకాయా దొండకాయా? కిటికీ తెరవనా? నీ కాళ్ళు నొప్పులా? మంగళవారం ఆమె నవ్వుకుంది. బుధవారం తలలో పూలు పెట్టుకుంది. గురువారం అతను మంచం అంచున కూర్చుని, "మనం కూడా ఎక్కడికైనా వెళ్దాం శాంతీ. ఎక్కడికెళ్తే బాగుంటుంది?" అన్నాడు. శాంతి గబగబా, "కౌలాలంపూర్, గెంటింగ్, సింగపూర్. పక్షుల పార్కు" అంది.

"అవి వాళ్ళు వెళ్ళేవి కదా. నీకేం చూడాలనుంది?"

ఆమె నోరు తెరిచింది. ఏమీ రాలేదు. రెబెకా చీర, రెబెకా ఫ్రిజ్జు, రెబెకా సింగపూరు వస్తున్నాయి గానీ శాంతిది అంటూ ఒక్కటీ రాలేదు. ఇన్నేళ్ళూ అడిగేవాళ్ళు లేరని ఏడ్చిన మనిషి, అడిగితే చెప్పడానికేమీ లేదని తెలిసి ఆ రోజు బాగా ఏడ్చింది. అతను శుక్రవారం మళ్ళీ అడిగాడు. ఇంకా ఆలోచిస్తున్నానంది.

అవతల జేమ్స్ ఇంట్లో వేరే సంగతి. అతను ప్లానులోంచి పక్షుల పార్కు తీసేసి కార్ల మ్యూజియం పెట్టాడు. కొండ తీసేశాడు. రెబెకాకి ఒక్క మాట చెప్పలేదు. తప్పు చేస్తున్నానని కూడా అతనికి తెలియలేదు, పాపం. అతని దగ్గర అడిగే మాటే లేదు. రెబెకా అలమార్లు సర్ది, మంచాల కింద వెతికి, ఏం పోయిందో తెలియక కళ్ళు వాచిపోయేలా ఏడ్చి, శనివారం పొద్దున శాంతి ఇంటికి బయల్దేరింది.

అదే పొద్దున బట్టలారేస్తున్న శాంతికి తన కోరికేదో గుర్తొచ్చింది. ఇన్నాళ్ళూ మరుగునపడి ఉన్నది చటుక్కున పైకొచ్చింది. పరుగున లోపలికి వెళ్ళి చెబుదామనుకుంది. అప్పుడే గేటు చప్పుడైంది.

"అక్కా, మా ఇంట్లోది ఏదైనా ఇటొచ్చిందా?" అంది రెబెకా.

"ఏం పోయింది?"

"అదే తెలియట్లేదక్కా. ఏదో పోయింది. ఇల్లు ఇల్లులా లేదు."

రేపు పొద్దున గంట కొడితే ఇక తనదే. "ఏమీ రాలేదే. గేటు దగ్గర నువ్వే చూడు" అంది శాంతి. చెబుతూ రెబెకా ముఖంలోకి చూడలేదు.

లోపల్నుంచి సాల్మన్ రాజు వచ్చాడు. మరదల్ని చూసి ఎడమ చెవి గోక్కున్నాడు. "శాంతీ, రెబెకాకి టీ పెట్టనా, కాఫీ పెట్టనా? ఎలా ఉంటే బాగుంటుంది, చెప్పు."

రెబెకా బావగారి చేతిని చూసింది. తర్వాత శాంతిని చూసింది. అరుగు మీద కూలబడి, "అదే అక్కా. మా ఆయన అడగడం. అదే పోయింది" అంది. చెయ్యి చాపింది. "ఇచ్చెయ్యి అక్కా."

శాంతికి ఒళ్ళంతా మండింది. ఇంత ఉన్నదానికి ఇది కూడా కావాలా? ఇన్నేళ్ళు అనుభవించావుగా, నాకు దక్కింది వారం కూడా లేదే. అరవాలనిపించింది. కానీ రెబెకా పేరు పెట్టి అడిగింది. ఇన్నాళ్ళూ శాంతి కుళ్ళుబోతేగానీ దొంగ కాదు.

"తీసుకెళ్ళు" అంది. డబ్బాలోంచి రెండు లడ్డూలు తీసి చేతిలో పెట్టింది.

సాల్మన్ రాజు చెయ్యి చెవి దగ్గర్నుంచి కిందికి దిగింది. అతను లోపలికెళ్ళి పేపరు తీశాడు.

మధ్యాహ్నం శాంతి అన్నం వడ్డించింది. అతను తలొంచుకుని తింటున్నాడు. ఫ్యాను తిరుగుతోంది. అడుగుతాడేమోనని చారు పోసేదాకా చూసింది. మజ్జిగ పోసేదాకా చూసింది. ఇక ఎవరూ అడగరు.

"ఏవండీ" అంది.

"ఊఁ."

"నేను జెయింట్ వీల్ ఎక్కాలి."

అతను తలెత్తాడు. ఆమె కళ్ళు మూసుకుని చెప్పుకుపోయింది. "చిన్నప్పుడు పాండురంగడి తిరునాళ్ళకి వచ్చేది. మా నాన్న చర్చిలో సంఘపెద్ద, పంపేవాడు కాదు. మా డాబా మీంచి చూస్తే కొబ్బరిచెట్ల పైన పెట్టెలు ఒక్కోటీ వచ్చి దిగిపోయేవి. పెద్దది ఎక్కాలి. సముద్రం కనిపించేంత పెద్దది."

చాలాసేపు అతను మజ్జిగన్నం కలిపాడు. "నాకు కళ్ళు తిరుగుతాయి" అన్నాడు చివరికి. పెళ్ళయ్యాక అతను తన గురించి చెప్పిన మొదటి ముక్క అది.

"అయితే కింద నిలబడండి."

"విశాఖపట్నంలో బాగుంటుందంట. హైదరాబాదులో పార్కులో ఇంకా పెద్దదంట. ముందు హైదరాబాదు వెళ్దాం."

"ముందు విశాఖపట్నమే. హైదరాబాదులో సముద్రం ఎక్కడుంది?"

ఆ వాదన సాయంత్రం దాకా సాగింది. వెంకటరత్నమ్మ గారు ఏదో గొడవ జరుగుతోందని ఒకసారి తొంగి చూసి, రైళ్ళ పేర్లు వినబడి వెళ్ళిపోయారు.

వాళ్ళు విశాఖపట్నంలో దిగిన రోజే సింగపూర్ పక్షుల పార్కు ఫోటోలు ఫోనుకొచ్చాయి. రెబెకా భుజం మీద ఎర్రచిలక. శాంతి చూసింది. కుళ్ళుకోలేదని నేను చెప్పను, చిలక నిజంగా బాగుంది. అయితే వంతు వచ్చేసింది, చక్రం ఎక్కాల్సిన పని ఉంది.

సాల్మన్ రాజు కింద నిలబడలేదు. ఎక్కాడు. పెట్టె కదలగానే కళ్ళు గట్టిగా మూసుకుని, ఒక చేత్తో కడ్డీని, ఇంకో చేత్తో శాంతి మోచేతిని పట్టుకున్నాడు. అలాగే పైకి వెళ్ళి, అన్నిటికంటే ఎత్తులో పెట్టె ఆగింది. గాలి కొట్టింది. అతను కళ్ళు తెరవలేదు.

"శాంతీ" అన్నాడు, "ఏం కనబడుతోంది?"

శాంతి ఉలిక్కిపడి అతని చేతుల వంక చూసింది. రెండూ కదలకుండా పట్టుకునే ఉన్నాయి. ఈ మాట ఎవరింట్లోంచీ వచ్చింది కాదు.

"ముందు ఓడలు" అని మొదలుపెట్టింది.