తోలుపట్టీ కింద ముద్ర

గొడవ హెర్రింగ్ చేపతో మొదలైంది. గోడకు వేలాడుతున్న బాయ్‌నెట్, అంటే తుపాకీ మొనకు తగిలించే కత్తి, తీసి ఆల్మా అత్తగారు లిజెట్ చేప పొలుసు గీకింది. ఆ బాయ్‌నెట్ ఆల్మా అన్న, యుద్ధంలో పోయిన రైన్‌హోల్ట్‌ది.

"కత్తులకు పేరుపడ్డ సోలింగెన్‌లో కాపురం, ఇంట్లో పదునైన కత్తి ఒక్కటి లేదు. గోళ్ళతో గీకమంటావా?" అంది అత్త. కత్తులు సానకు వెళ్ళాయనీ, గోడమీది వస్తువు వంటింటి సామాను కాదనీ ఆల్మా వాదించింది. "కంపు కొడితే కడుక్కో తల్లీ," అని ఆవిడ పొయ్యి వైపు తిరిగిపోయింది.

కంపు పిడికి చుట్టిన తోలుపట్టీలోకి ఇంకింది. చలికి చెయ్యి జారకుండా రైన్‌హోల్టే దాన్ని పిడి దాటి కత్తి అలుగు మొదలు దాకా చుట్టి ముడివేశాడని ఆల్మా భర్త ఎవాల్ట్ చెప్పాడు. ఫ్రాన్స్‌లో వెర్డన్ దగ్గర ప్రాణం వదులుతూ రైన్‌హోల్ట్, "ఇది ఆల్మాకు ఇవ్వు, నా చెల్లెల్ని చూసుకో" అని తనతో అన్నాడట. ఆ మాట మీదే ఆల్మా అతణ్ణి చేసుకుంది. అన్న వేసిన ముడి అని ఇన్నేళ్ళూ ఎవరూ విప్పలేదు. ఎన్నోసార్లు దానికి చెంప ఆనించి ఏడ్చింది.

ఇప్పుడు సబ్బునీళ్ళలో నానబెట్టి విప్పింది. అలుగు వీపున, పిడికి ఆనుకొని, కిరీటం ముద్ర. దాని కింద పద్దెనిమిది.

ఆ ముద్ర సంగతి ఆమెకు ఒకరు చెప్పనక్కర్లేదు. ఏటి ఒడ్డు సానశాలలో నాన్న యుద్ధమంతా ఇవే సానబట్టాడు. కిరీటం కింద ఉండే అంకె సైన్యం సరుకు తీసుకున్న ఏడాది: పందొమ్మిది వందల పద్దెనిమిది. రైన్‌హోల్ట్ పోయింది అంతకు రెండేళ్ళ ముందే, పదహారులో.

ఆల్మా నిలదీస్తే ఎవాల్ట్ బుకాయించలేదు. యుద్ధం ముగిసి వస్తూ, స్టేషన్లో సైనికులు పడేసిన ఆయుధాల కుప్పలోంచి లాక్కున్నాడట. ముద్ర కనబడకుండా తోలు చుట్టింది తనే. వెర్డన్‌లో రైన్‌హోల్ట్‌ను చూడనే లేదు.

"అది లేకపోతే నువ్వు నా వంక చూసేదానివా?"

"చూసేదాన్ని కాదు."

"మరి?" అన్నాడు, తీర్పు తనవైపే వచ్చినట్టు.

ఆదివారం మధ్యాహ్నం కాఫీకి నాన్న వచ్చాడు. బల్ల మీద వాఫెల్స్, పాలన్నం, చెర్రీలు ఉన్నాయి. కూర్చునే ముందు, గోడమీది బాయ్‌నెట్‌కు కొడుకు వేశాడనుకున్న ముడి మీద ఒకసారి అరచెయ్యి వేయడం ఆయన అలవాటు. ఆల్మా బాయ్‌నెట్‌ను తోలు లేకుండానే తెచ్చి ఇచ్చింది. ఆయన దాన్ని వెలుతురుకు తిప్పి, వీపున బొటనవేలు పెట్టి చూశాడు. తరవాత అల్లుణ్ణి చూశాడు. ఎవాల్ట్ కప్పులోకి చూస్తున్నాడు. ముసలాయన కత్తిని బల్లమీద పెట్టి, చేతిని ప్యాంటుకు తుడుచుకున్నాడు.

ఏమీ తెలియని లిజెట్, వాఫెల్స్ చల్లారిపోతున్నాయంది.

ఆల్మా ముందు నాన్నకు కాఫీ పోసింది.

"నాన్నా, వెళ్ళేటప్పుడు నేనూ నీతో వస్తున్నాను. ఇక అక్కడే ఉంటాను," అంది. "కత్తి ఇక్కడే ఉంటుంది అత్తయ్యా. చేపలు గీక్కోండి."