పక్క బల్ల

అబ్రహాము ఇస్త్రీపెట్టెను బిలియర్డ్స్ బల్ల ఈ చివర నుంచి ఆ చివరకు మరోసారి నింపాదిగా నడిపించాడు. పచ్చగుడ్డ అప్పటికే వెచ్చబడింది. గోదావరికి వరద వచ్చినప్పటి నుంచి రాజమండ్రిలోని ఆ పాత క్లబ్బు గోడలన్నీ చెమ్మగిల్లుతున్నాయి. చెమ్మ పట్టిన గుడ్డ మీద బంతి బరువుగా దొర్లుతుంది. అంచు రబ్బరుకు తగిలాక రావలసినంత దూరం రాకుండా ఇవతలే ఆగిపోతుంది. ఆ సంగతి చెరో బల్ల చూసుకుంటూ ఆట లెక్క రాసే ఇద్దరు మార్కర్లకూ తెలుసు.

"అయిపోయిందా అన్నయ్యా?" పక్క బల్ల దగ్గర నుంచి ఆశీర్వాదం అడిగాడు.

"ఈ మూల ఇంకా తడిగానే ఉంది."

తడి లేదు. క్లబ్బుకు ఉన్నది ఒకటే ఇస్త్రీపెట్టె.

ఆశీర్వాదానికి కర్ర పట్టడం నేర్పింది అబ్రహామే. అయినా కొత్త గుడ్డ అతని బల్లకే వేశారు. సభ్యులు అతన్ని "మాస్టారూ" అంటారు, తనను "ఏమోయ్" అంటారు. చర్చిలో పాట ఎత్తుకోవాలన్నా పాస్టరుగారి చూపు అతని మీదికే పోతుంది. తన భార్య సంపూర్ణమ్మ కూడా ఓసారి, "ఆశీర్వాదం గారు ఎంత నెమ్మదస్తులండీ" అంది. ఆ పూట అబ్రహాము చేపల కూర ముట్టలేదు.

ప్రెసిడెంటు గణేష్‌బాబు స్నేహితులతో వచ్చి, అలవాటుగా ఆశీర్వాదం బల్ల దగ్గరే ఆట మొదలుపెట్టారు. కొట్టిన బంతి అంచుకు తగిలి నీరసంగా వెనక్కొచ్చింది. మళ్ళీ కొట్టారు. మళ్ళీ అంతే.

"ఏంటండీ మాస్టారూ, బంతి చచ్చిపోతోంది?"

"చెమ్మండి. నాదే పొరపాటు, ఆరబెట్టలేదండి," అన్నాడు ఆశీర్వాదం. ఇస్త్రీపెట్టె మాట ఎత్తలేదు.

అందరూ అబ్రహాము బల్లకు మారారు. బంతులు గలగలా పరుగెత్తాయి, అంచులకు తగిలి అనుకున్న చోటికే వచ్చి నిలిచాయి. అబ్రహాము ఛాతీ పొంగింది.

వానలోనే వెళ్ళి అందరికీ టీ చెప్పొచ్చిన ఆశీర్వాదం కాసేపు ఆట చూశాడు. "ఇవాళ నీ బల్ల భలే పలుకుతోంది అన్నయ్యా," అన్నాడు మనసారా. తర్వాత కిటికీ కింది బెంచీ మీద కూర్చుని గోడకు తల ఆనించాడు.

ఆ మెచ్చుకోలు అబ్రహాముకు ముల్లులా గుచ్చుకుంది. తాను పొద్దుటి నుంచి కుళ్ళిపోతుంటే, ఇతనికి కాస్తయినా కుళ్ళు పుట్టదేం?

కొంతసేపటికి అటు చూశాడు. ఆశీర్వాదం కళ్ళు మూసుకుని ఉన్నాడు. పని వేళ నిద్ర! ప్రెసిడెంటుగారికి వినపడేలా అన్నాడు: "మాస్టారు కునుకు తీస్తున్నారండి."

అందరూ నవ్వారు. "లేపవోయ్, టీ వచ్చింది," అన్నారు గణేష్‌బాబు.

అబ్రహాము హుషారుగా వెళ్ళి భుజం పట్టుకుని కుదిపాడు. తల పక్కకు వాలిపోయింది. చెయ్యి పట్టుకుంటే చల్లగా తగిలింది.

"ఒరేయ్ తమ్ముడూ," అన్నాడు. ఎన్నేళ్ళయిందో అతన్ని అలా పిలిచి.

అంబులెన్సు వెనకే అందరూ వెళ్ళిపోయారు. తలుపులు వెయ్యడానికి అబ్రహాము ఒక్కడే మిగిలాడు. కిటికీ ఊచకు ఆశీర్వాదం గొడుగు వేలాడుతోంది. దాని కొన నుంచి ఇంకా ఒక్కో నీటిచుక్క బెంచీ మీద పడుతోంది.