కళ్ళముందే తీసేసినా మళ్ళీ వచ్చే ఫోల్డరు

మా బావ షాపులో ఒక పద్ధతి ఉంది. ఇళ్ళ ప్లాన్లు ప్రింటు తీయించుకోవడానికి వచ్చినవాళ్ళని నా పక్కన స్టూలు మీద కూర్చోబెడతాను. ప్రింటు చేతికిచ్చాక కంప్యూటర్లోంచి వాళ్ళ ఫైలు వాళ్ళ కళ్ళముందే తీసేస్తాను. చెత్తబుట్ట బొమ్మ నొక్కి అదీ ఖాళీ చేసి చూపిస్తాను. ఒకరి ప్లాను ఇంకొకరి కంట పడకూడదు. మాకున్న పేరంతా అదే.

నేను కూర్చునేది వెనక గదిలో. దానికి కిటికీ లేదు, ట్యూబులైటే దిక్కు. బయటికి రావాలంటే బావ కౌంటరు పక్కనుంచే రావాలి. ఉండేదీ వాళ్ళ మేడ మీదే కాబట్టి అలిగినా పోవడానికి చోటు లేదు.

ఆ రోజు ఒక ఇంజనీరమ్మగారు వచ్చారు. ప్రింటు ఇచ్చి, ఫైలు తీసేసి, చెత్తబుట్ట ఖాళీ చేశాను. స్క్రీను మీద పసుప్పచ్చ ఫోల్డరొకటి మిగిలిపోయింది. నేను పెట్టింది కాదు.

"అదేంటండీ?" అన్నారావిడ.

"ఏదో ఖాళీదండీ" అంటూ తెరిచాను. తెరవకపోయినా బాగుండేది. లోపల ఆవిడ ప్లాను చిన్న బొమ్మగా ఉంది. దాని పక్కనే, పొద్దున వచ్చిన ఇంకో ఇంజనీరుగారిది.

ఆవిడ గొంతు పెంచలేదు. "తీసేస్తున్నట్టు చూపిస్తారు గానీ తీయరన్నమాట" అని ప్రింట్లు చుట్టుకుని వెళ్ళిపోయారు.

ఫోల్డరు తీసేశాను. ఇంకో ఫైలు తెరవగానే మళ్ళీ వచ్చింది. తీశాను. వచ్చింది. బావ చూస్తే కంగారుపడతాడని, మనుషులు ప్రింటు చూసుకుంటున్నప్పుడు చప్పుడు కాకుండా తీసెయ్యడం మొదలుపెట్టాను. అక్కడే దొరికిపోయాను. బావ టీ గ్లాసుతో గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

"ఏం తీస్తున్నావురా?"

"ఏం లేదు బావా."

ఆ 'ఏం లేదు' నన్ను ముంచేసింది. సాయంత్రం ఇంజనీరమ్మగారు బావకి ఫోన్ చేశారు. పక్క వీధిలో కొత్తగా ప్రింటింగు షాపు పెట్టినవాడు నాతో టీ తాగే మనిషి. బావ రెండూ కలిపేసుకున్నాడు.

"వాడికి పంపుతున్నావా ఆ బొమ్మలు?"

"అదేం మాట బావా. అవి వాటంతటవే వస్తున్నాయి."

"వాటంతటవే రావడానికి అవేమన్నా బంధువులా? తాళాలు ఇటివ్వు."

షాపు తెరిచిన రోజు నుంచీ తాళాలు నా దగ్గరే ఉండేవి. ఇచ్చేశాను. తీసేస్తే దాస్తున్నానంటారు, ఉంచితే దొంగనంటారు. ఏం చేసినా తప్పు నాదే.

మర్నాడు ఫోన్లో మా కంప్యూటర్ల గ్రూపులో గోడు వెళ్ళబోసుకున్నాను. వైరస్ చూడమన్నారు, చూశాను, లేదు. ఒక పెద్దమనిషి, "అదే పేరుతో ఖాళీ ఫైలు పెట్టండి, ఫోల్డరుకి చోటుండదు" అన్నాడు. పెట్టాను. పీడీఎఫ్ చూపించే సాఫ్ట్‌వేర్ అలిగి కూర్చుంది, ఏ ప్లానూ తెరవలేదు. జనం కౌంటరు దాకా పోగయ్యారు.

"బాగుచేస్తున్నావా, దుకాణం మూయిస్తున్నావా?" అన్నాడు బావ అందరి ముందూ.

ఆ ఖాళీ ఫైలు తీసేశాను. ఫోల్డరు హాయిగా తిరిగొచ్చింది.

జనం తగ్గాక లేచి కుర్చీ వెనక్కి లాగాను. "బావా, మీరిక్కడ కూర్చోండి. నేను గుమ్మం దగ్గర నిలబడతాను."

బావ గొణుక్కుంటూ కూర్చున్నాడు. ఉన్న ఫోల్డరు తనే తీసేసి, తన ఇంటి ప్లానే తెరిచాడు. ఫోల్డరు వచ్చింది. నావైపు చూశాడు. చేతులు కట్టుకునే ఉన్నాను.

"ఇది నన్నూ దొంగని చేసిందిరా" అన్నాడు.

ఇద్దరం కలిసి సెట్టింగులన్నీ వెతికాం. బాగా అడుగున, తెరిచిన వాటి బొమ్మలు దాచిపెట్టాలా అనేచోట టిక్కు పెట్టి ఉంది. కొత్త అప్‌డేట్‌తో వచ్చిందట. టిక్కు తీసి, ఫోల్డరు తీసేసి, బావ మళ్ళీ ప్లాను తెరిచాడు. ఏమీ రాలేదు.

"అప్‌డేట్ నేను చేయలేదు బావా" అన్నాను.

"మొన్న నువ్వు మీ అక్కని కళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళినప్పుడు స్క్రీను మీద ఏదో అడ్డమొచ్చింది. సరే అని నొక్కాను. అడ్డమొస్తే నొక్కక దండం పెడతారా?"

నవ్వాడు. నేనూ నవ్వాను. ఇంజనీరమ్మగారికి నా ముందే ఫోన్ చేశాడు. "మావాడి తప్పు కాదమ్మా, కంప్యూటరుది" అన్నాడు. తనది అనలేదు. పోనీలే అనుకున్నాను.

షాపు మూసేటప్పుడు అలవాటుకొద్దీ చెయ్యి చాపాను. బావ తనే వంగి తాళం వేశాడు. జేబులో వేసుకున్నాడు. "పద, మీ అక్క ఎదురుచూస్తుంటుంది."

"గొడవ తేలిందా తమ్ముడూ?" అంది అక్క కంచం పెడుతూ.

"తేలిందక్కా" అన్నాను. అన్నం తింటున్నంతసేపూ ఆయన జేబువైపే చూశాను.

పొద్దున నేను వెళ్ళేసరికి షట్టరు ఎత్తే ఉంది. వెనక గదిలో నా బల్ల తిప్పేసి ఉంది. నా వీపు గుమ్మానికి, స్క్రీను కౌంటరు దగ్గరికి కనబడేలా.

"వెలుతురు బాగా పడుతుందని తిప్పానురా" అన్నాడు బావ, పేపరు మడుస్తూ.

కిటికీ లేని గదిలో వెలుతురు ఎటునుంచి పడుతుందని అడగలేదు. కూర్చున్నాను. మొదట వచ్చినాయన ప్రింటు తీశాను. ఫైలు ఆయన కళ్ళముందే తీసేశాను. ఏ ఫోల్డరూ రాలేదు. ఆయన లేచి వెళ్ళిపోయినా, కౌంటరు దగ్గర బావ పేపరు చప్పుడు ఆగే ఉంది. చెత్తబుట్ట ఇంకోసారి తెరిచి, ఖాళీగా ఉందని చూపించాను.